ఇరవై సార్లు మబ్బు

మా అక్క ఆఖరిసారి చేసిన పని, పదింట ఎన్ని వంతుల ఆకాశం మూసుకుపోయిందో లెక్కగట్టడం. రోజూ సాయంత్రం ఆరింటికి ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్లేది. బట్టలన్నీ భుజాన వేసుకుని, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, మెడ వెనక్కి వాల్చి ఒక చుట్టు తిరిగేది. కిందికి దిగాక వంటింటి గూట్లోంచి రిజిస్టరు తీసి తేదీ పక్కన ఒక అంకె వేసేది. సున్నా అంటే ఎక్కడా మబ్బు లేదని. పది అంటే ఒక్క చుక్కకి కూడా సందు లేదని. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

"ఏడా, ఎనిమిదా? నీకెలా ఉంది?" అంది.

"ఎనిమిది వేసెయ్" అన్నాను.

"వేసెయ్ అన్నావంటే నువ్వు చూడలేదన్నమాట" అని, ఏడు వేసింది.

మర్నాడు తెల్లవారేసరికి అక్క లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. అరవై ఏడేళ్లు.

మా ఇంట్లో అందరం ఉన్నదానికి కాస్త కలిపి చెప్పేవాళ్లమే. నాన్న నడిచొచ్చిన రెండు కిలోమీటర్లు ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అయిదయ్యేవి. అమ్మకి వచ్చిన ప్రతి జ్వరమూ నూటనాలుగే. నా సంగతి చెప్పక్కర్లేదు, నేను కథలు రాస్తాను. అలాంటి ఇంట్లో పుట్టి, ఉన్నది ఉన్నట్టు తప్ప చెప్పడం చేతకాని మనిషిగా అక్క ఎలా తయారైందో మాకెవరికీ అర్థం కాలేదు. చిన్నప్పుడు నేను గాజు గ్లాసు పగలగొడితే అమ్మ అక్కని అడిగేది. "నేను చూడలేదమ్మా, చప్పుడు మాత్రం విన్నాను" అనేది. నన్ను కాపాడిందో, పట్టించిందో ఆ మాటలో తేలేది కాదు.

ముప్ఫై నాలుగేళ్లు ఆస్పత్రి లేబొరేటరీలో టెక్నీషియన్‌గా చేసింది. కింది అంతస్తులో చివరి గది. పొడుగాటి రాతి బల్ల, దాని మీద గాజు పలకల పెట్టెలు, కిటికీ పక్కన అక్క మైక్రోస్కోపు. రక్తంలో తెల్లకణాలు లెక్కపెట్టడం అక్క పని. కుడి కన్ను మైక్రోస్కోపు మీద, ఎడమ చెయ్యి మీటలున్న చిన్న యంత్రం మీద. ఒక్కో రకం కణానికి ఒక్కో మీట. వంద పూర్తి కాగానే టింగుమని గంట మోగేది. ఎడమ కన్ను మాత్రం మూసేది కాదు. ఒక కన్ను మూస్తే రెండోది తొందరగా అలిసిపోతుందని అనేది. ఆ తెరిచి ఉన్న కన్నుతోనే గుమ్మంలో ఉన్న నన్ను చూసి, "ఏమే, ఆ గొడుగు బయట పెట్టి రా, నీళ్లు కారుతున్నాయి" అనేది. మీటల చప్పుడు మాత్రం ఆగేది కాదు.

ఒకసారి నేనక్కడ ఉండగానే ఒక డాక్టరు గారు విసురుగా వచ్చారు. అక్క పంపిన కాగితం మీద అంకెలేమీ లేవు. 'గడ్డకట్టిన రక్తం. మళ్లీ పంపండి' అని మాత్రం రాసి ఉంది.

"మళ్లీ అంటే ఎప్పటికమ్మా? ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వేసివ్వండి."

"ఉజ్జాయింపుకైతే నేనెందుకు సార్? అది మీ గదిలోనే వేసుకోవచ్చుగా" అంది అక్క, తల ఎత్తకుండా.

ఆయన ఆ కాగితం పట్టుకుని వెళ్లిపోయారు. పది నిమిషాల్లో కొత్త రక్తం వచ్చింది. ఆ తర్వాత పదేళ్ల పాటు ఆ డాక్టరు గారు తన ఇంట్లోవాళ్ల రక్తమంతా అక్క చేతికే పంపారు.

అక్కకి చంద్రుడి పిచ్చి ఎలా పట్టిందంటే, రేడియోలు బాగుచేసే కొట్టు మీది గదిలో ఖగోళ సంఘం వాళ్లు ఆదివారాలు కలుసుకునేవారు. కిందనున్న కొట్లో రేడియో బాగవుతుంటే, ఊరికే కూర్చోలేక మెట్లెక్కి చూసొచ్చింది. అంతే. మరుసటి నెలలో మూడంగుళాల పాత టెలిస్కోపు ఒకటి అక్కావాళ్లింటికి వచ్చింది. దాని కాళ్లలో ఒకటి పొట్టి. ఆ కాలి కింద పెట్టడానికి బావ అట్టముక్కలు మడిచి ఇచ్చేవాడు. బావ స్కూల్లో డ్రాయింగు మాస్టారు. భార్య చేసే ఏ పనికీ అడ్డు చెప్పడు, అలాగని ఏ పనినీ నవ్వకుండా వదలడు.

సంఘానికి ప్రెసిడెంటు ఒక ఎలక్ట్రీషియన్. మిగతావాళ్లలో డ్రైవింగు స్కూలాయన ఒకడు, పెద్ద గొంతు, పెద్ద టెలిస్కోపు. అక్క చేరిన రోజునే, "ఏమండీ అక్కయ్యగారూ, మైక్రోస్కోపు తిరగేసి పట్టుకుంటే టెలిస్కోపు అవుతుందనుకున్నారా?" అన్నాడట. "మైక్రోస్కోపు తిరగేసినా ఫరవాలేదండీ, చూసింది తిరగెయ్యకపోతే చాలు" అందట అక్క.

వాళ్లు చేసే పని మొదట్లో నాకు పిల్లల ఆటలా కనిపించేది. చంద్రగ్రహణం రోజున భూమి నీడ చంద్రుడి మీదికి పాకుతూ వస్తుంది. చంద్రుడి మీద గుంటలున్నాయి కదా, వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించే ఇరవై గుంటల్ని ఎంచుకుంటారు. నీడ అంచు ఒక్కో గుంటని తాకిన క్షణాన్ని గంట, నిమిషం, సెకన్లతో సహా రాసుకుంటారు. ఆరేడు సెకన్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. భూమి చుట్టూ ఉన్న గాలి వల్ల నీడ లెక్క ప్రకారం రావలసిన దానికన్నా కొంచెం లావుగా పడుతుందట. ఆ కొంచెం ఎంతన్నది గ్రహణానికీ గ్రహణానికీ మారుతుందట. అన్ని దేశాల నుంచీ మామూలు మనుషులు పంపిన సమయాలన్నీ ఒకచోట కూర్చి ఆ సంగతి తేలుస్తారు. "అంటే ఊళ్లో అందరూ కలిసి భూమి నీడకి జాకెట్టు కొలతలు తీస్తున్నారన్నమాట" అన్నాడు బావ. అక్కకి ఆ మాట నచ్చింది. బావ చేత అట్ట మీద చంద్రుణ్ణి గీయించి, ఇరవై గుంటలకీ అంకెలు వేయించింది.

కన్ను టెలిస్కోపు మీంచి తియ్యకూడదు కాబట్టి సమయం రాయడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. ఎర్ర గుడ్డ చుట్టిన టార్చి, రేడియో గంటకి సరిచేసిన గడియారం, పెన్సిలు. అక్క "ఊ" అంటుంది, ఆ క్షణాన గడియారం ఎంత చూపిస్తే అది నేను రాయాలి.

"నీ కళ్లు గడియారం మీద, నా కళ్లు చంద్రుడి మీద. ఇవి తారుమారు కాకూడదు" అని చెప్పింది.

"మరి నేనెప్పుడు చూడాలి గ్రహణం?"

"నువ్వు కథలు రాసేదానివి కదా, చూడకపోయినా ఫరవాలేదు."

నాకు రోషం వచ్చింది గానీ, వెళ్లడం మానలేదు.

మా ఊరి ఆకాశం సంగతి చెప్పాలి. సముద్రం దగ్గర, కొండలు ఇంకా దగ్గర. మబ్బులకి మా ఊరు పుట్టిల్లు. ఏడాదిలో సగం రోజులు అక్క రిజిస్టర్లో ఏడుకి తక్కువ అంకె ఉండదు. ఇరవై రెండేళ్లలో తొమ్మిది గ్రహణాలకి మేమిద్దరం డాబా ఎక్కాం. తొమ్మిదింటికీ మబ్బే. మధ్యలో చంద్రుడు అక్కడక్కడ తెల్లని మరకలా తేలేవాడు, నీడ అంచు మాత్రం కంటికి ఆనేది కాదు. అక్క పక్కకి జరిగేది కాదు. చినుకులు పడితే టెలిస్కోపుకి గొడుగు పట్టేది, తను తడిసేది. "మబ్బుల్ని చూడ్డానికి టెలిస్కోపు ఎందుకే, కిటికీ చాలదూ?" అని బావ మెట్ల మీంచి కేకేసేవాడు. నీడ ఒక్కో గుంటని తాకవలసిన వేళ దాటగానే అక్క "మబ్బు" అనేది. నేను రాసేదాన్ని. మబ్బు. మబ్బు. మబ్బు. ఇరవై వరుసలు.

మూడో గ్రహణానికో నాలుగోదానికో నాకు విసుగొచ్చింది.

"ఇరవై సార్లు మబ్బు అని రాసే బదులు, ఒక్కసారి రాసి కింద దాకా గీత గీసేస్తే ఏం పోయింది?"

"ఇరవై సార్లు చూశాను కదే. ఇరవై సార్లూ కనబడలేదు. ఒక్కసారి చూసి ఊరుకున్నట్టు గీత గీస్తావా?"

నేను పెన్సిలు కింది వరుసకి దించి మళ్లీ మబ్బు అని రాశాను.

సంఘం గదిలో ఒక నల్లబల్ల ఉండేది. ఎవరు ఇప్పటికి ఎన్ని సమయాలు పట్టారో దాని మీద సుద్దతో రాసి ఉండేది. డ్రైవింగు స్కూలాయనకి నూటనలభై పైచిలుకు. మిగతావాళ్లకి తొంభై, డెబ్భై. అక్క ఎదుట సున్నా. ఇరవై రెండేళ్లుగా అదే సున్నా. సుద్ద చెరిగిపోతే ప్రెసిడెంటు గారు మర్యాదగా మళ్లీ దిద్దేవారు.

"ఒకే ఊరు, ఒకే ఆకాశం. వాళ్లందరికీ కనబడే చంద్రుడు నీకొక్కదానికే ఎందుకు కనబడడే?" అన్నాను ఒకసారి.

"వాళ్ల డాబాలు వేరు, మన డాబా వేరు" అంది. అంతకు మించి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కానీ ఆ సున్నా అక్కని ఎంత కొరికేదో నాకు తెలుసు. ఆ ఆదివారాల్లో ఇంటికొచ్చాక టెలిస్కోపు అద్దం తుడుస్తూ కూర్చునేది. ఒక్కటి చాలు అనేది బావతో. ఇరవై వద్దు, నేను కళ్లారా చూసిన సమయం ఒక్కటి నా కాగితం మీద ఉంటే చాలు.

పదో గ్రహణం నాటికి అక్కకి అరవై నాలుగు. ఉద్యోగం అయిపోయి ఆరేళ్లు. ఆ తర్వాతి రెండు గ్రహణాలూ మాకు పగటిపూట పడుతున్నాయి, మూడోది నడి వానాకాలంలో. మెట్లెక్కడానికి రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటోంది. పైకి ఎవరూ అనలేదు గానీ, ఇదే ఆఖరు అవకాశమని ముగ్గురికీ తెలుసు.

ఆ గ్రహణం రాత్రి భోజనాల వేళకి ముందే మొదలైంది. వీధిలో కొట్లింకా తెరిచే ఉన్నాయి, కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. రిజిస్టర్లో ఆ సాయంత్రం అంకె తొమ్మిది. గ్రహణానికి ముందురోజు ప్రెసిడెంటు గారు తనే లెక్కలు కట్టి, ఏ గుంటని నీడ ఎప్పుడు తాకుతుందో చెప్పే పట్టిక అందరికీ పంచారు. అక్క దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. నాకు చూపించలేదు. రాసేవాళ్ల దగ్గర పట్టిక ఉంటే పెన్సిలు దానివైపే లాగుతుందట.

మొదటి గుంట మబ్బు. రెండోదీ మబ్బు. మూడోదీ అంతే. నేను అలవాటుగా రాస్తున్నాను. అప్పుడు కొండల వైపు నుంచి గాలి తిరిగింది.

"ఊ" అంది అక్క.

ఏడు గంటల యాభై రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. ఇరవై రెండేళ్లలో నేను రాసిన మొదటి అంకె అది. కెప్లర్ అనే గుంట. మళ్లీ మబ్బు మూసుకుంది, మళ్లీ విడింది. "ఊ." కోపర్నికస్. అక్క గొంతులో మార్పేమీ లేదు, లేబొరేటరీలో మీట నొక్కుతున్నట్టే ఉంది. ఎడమ కన్నూ అక్కడలాగే తెరిచి ఉంది. నేనే పెన్సిలు గట్టిగా నొక్కేస్తున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. మబ్బు ఒక్కసారిగా రెండుగా చీలి డాబా అంతా వెలుగు పడింది. నా చేతి మీద, కాగితం మీద. తలెత్తాను. తొమ్మిది గ్రహణాలు గడియారం వైపు చూస్తూనే గడిపినదాన్ని, మొదటిసారి చంద్రుణ్ణి చూశాను. కొరికేసిన వైపు నల్లగా ఉంటుందనుకున్నాను. నల్లగా లేదు. కాలిన ఇటుక రంగు. ఆ రంగుకి ఏ మాట సరిపోతుందా అని వెతుక్కుంటున్నాను.

"ఊ" అంది అక్క.

నేను తల దించి టార్చి సరిచేసుకుని గడియారం చూసేసరికి ఎంత సేపైందో తెలియదు. పది సెకన్లు కావచ్చు, నలభై కావచ్చు. అడగాలి. అడిగితే ఏం లాభం, గడిచిన క్షణం మళ్లీ రాదు. ఇరవై రెండేళ్ల తర్వాత దొరికిన మూడోదాన్ని నేను పోగొట్టానని ఎలా చెప్పను? గడియారంలోంచి ఒక పాతిక సెకన్లు తీసేసి, నమ్మకంగా ఒక సమయం రాశాను. ప్లేటో అనే గుంట. ఇంకాసేపటికి ఇంకొకటి దొరికింది, అది సరిగ్గానే రాశాను. తర్వాత మబ్బు మూసేసింది. మిగిలిన పదమూడు వరుసలూ మబ్బు.

కిందికి దిగుతూ రెండో మలుపు దగ్గర ఊపిరి కోసం ఆగింది అక్క.

"ప్లేటోకి ఎంత రాశావు?"

చెప్పాను. సెకన్లతో సహా, తడుముకోకుండా.

"ఊ" అంది.

బావ తలుపు తీసి మా మొహాలు చూసి పక్కకి తప్పుకున్నాడు. అక్క రెండు వేళ్లతో అతని చెంప మీద తట్టి లోపలికి వెళ్లింది. భోజనం చెయ్యకుండానే బల్ల ముందు కూర్చుని, కార్బన్ కాగితం పెట్టి, చిత్తు చూసుకుంటూ శుభ్రమైన ప్రతి రాసుకుంది. నేను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాను. ఆ పక్కన కూర్చోబుద్ధి కాలేదు.

ఆదివారం సంఘంలో ఏం జరిగిందో ప్రెసిడెంటు గారే తర్వాత చెప్పారు. అందరూ కాగితాలు ఇచ్చారు. డ్రైవింగు స్కూలాయనకి ఇరవైకి ఇరవై. ప్రెసిడెంటు గారితో సహా ఇంకో ముగ్గురికి పద్దెనిమిదో, పదిహేడో. కాగితాలు చేతులు మారుతున్నాయి. అక్క అన్నీ చదివి, అద్దాలు తీసి, నెమ్మదిగా అడిగిందట.

"నాకొక అనుమానం. నీడ వచ్చే వైపు నుంచి చూస్తే ముందు కెప్లర్, దాని వెనక కోపర్నికస్. మీ నలుగురి కాగితాల్లోనూ నీడ కోపర్నికస్‌ని ముందు తాకింది, కెప్లర్‌ని ఎనిమిది నిమిషాల తర్వాత తాకింది. వీధిలో మొదటిల్లు దాటకుండా రెండో ఇంటికెలా వెళ్లిందండీ?"

ప్రెసిడెంటు గారు తన పట్టిక తీసి చూసుకున్నారు. రాసేటప్పుడు ఆ రెండు వరుసలూ తారుమారు చేశారు. పొరపాటు ఆయనది. కానీ ఆ పొరపాటుని నలుగురు మనుషులు నాలుగు డాబాల మీంచి కళ్లారా 'చూశారు'.

"నాకు అలాగే కనబడిందండీ" అన్నాడట డ్రైవింగు స్కూలాయన.

"మబ్బులో ఒక్కోసారి అలాగే ఉంటుంది" అందట అక్క. ఎగతాళి లేదట ఆ మాటలో. అదే భరించలేకపోయామన్నారు ప్రెసిడెంటు గారు.

ఆయన నిజాయితీపరుడు. తన కాగితం చింపేశారు. తర్వాత ఒక్కొక్కరూ తమ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. బల్ల మీద మిగిలింది అక్కది ఒక్కటే. ప్రెసిడెంటు గారు తడిగుడ్డ తెచ్చి నల్లబల్ల పైనుంచి కింది దాకా తుడిచేశారు. మళ్లీ దాని మీద అంకెలు రాయలేదు. ఆ గ్రహణానికి మా ఊరి నుంచి వెళ్లినది మా అక్క కాగితం ఒక్కటే. అక్క పోయాక వచ్చిన గ్రహణాలకి ఆ గదికి వచ్చే కాగితాల్లో మబ్బు అన్న మాట ఎక్కువైందని ఆయన నవ్వుతూ చెప్పారు. డ్రైవింగు స్కూలాయనే అందరికన్నా పెద్ద అక్షరాలతో రాస్తాడట.

నేను ఈ సంగతి చెప్పని మనిషి లేడు. కూరగాయల కొట్లో చెప్పాను, బస్సులో పక్కసీటు ఆవిడకి చెప్పాను. ఎంతో గర్వంగా చెప్పేదాన్ని. ఆ గర్వం కింద చిన్న ముల్లు ఉండేది. అక్క పంపిన నాలుగింటిలో ఒకటి నేను కల్పించింది. ఊరందరి కాగితాలకీ సిగ్గు తెప్పించిన కాగితంలో, నా చిత్తులోంచి ఎక్కిన ఒక అబద్ధం. ఒకసారి అక్క ఎదుటే ఎవరితోనో చెప్తున్నాను, "నాలుగే నాలుగు పట్టుకుంది, కానీ నాలుగూ నికార్సైనవి" అని. అక్క బట్టలు మడతపెడుతోంది. "ఎన్నైతే ఏంలే, చూసినవి" అంది. చెప్పేద్దామనుకున్నాను. మూడేళ్లలో ఎన్నోసార్లు అనుకున్నాను. చెపితే ఆ కాగితాన్ని వెనక్కి పిలిపిస్తుందని భయం. పిలిపించే మనిషే.

అక్క పోయాక నెల దాటి బావ నన్ను పిలిచి, ఆ కాగితాలన్నీ నా ముందు పెట్టాడు. "ఇవి నువ్వే ఉంచుకో. నేను చదవలేను" అన్నాడు. అట్ట చంద్రుడు, సాయంత్రపు రిజిస్టర్లు, పది గ్రహణాల కాగితాలు. పదోదాని కార్బన్ ప్రతి అడుగున ఉంది. కింద తేదీ ఉంది, గ్రహణం నాటి రాత్రిదే. సంఘం సమావేశానికి నాలుగు రోజుల ముందుది.

పదహారు వరుసల్లో మబ్బు అని ఉంది. మూడు వరుసల్లో సమయాలున్నాయి. ప్లేటో ఎదుట, లేబొరేటరీలో రాసే ఆ గుండ్రటి అక్షరాలతో, ఇలా ఉంది: 'మబ్బు లేదు. సమయం లేదు.'